పేరు అడగం

మీ పేరు అడగం. రెండువేల ఆరులో ఈ మాట ఎన్ని వందలసార్లు టైపు చేశానో నాకే తెలియదు. మీ పేరు అడగం, ఇంటిపేరు అడగం, ఫోటో అడగం. ఒక్కసారి మా ఆఫీసుకి వచ్చి గంటసేపు మాట్లాడి, కాస్త రక్తం ఇచ్చి వెళ్లండి, పదిరోజుల్లో హెచ్‌ఐవీ రిజల్టు చెప్తాం. అదీ నా ఉద్యోగం. చాట్ రూముల్లో మగవాళ్ల కోసం వెతుక్కునే మగవాళ్లని వెతికి పట్టుకుని, డాబాగార్డెన్స్ సందులో టైలరు షాపు మీదున్న మా ఆఫీసు మెట్లెక్కించడం.

నా పేరు దేవకుమార్. అంతకుముందు గాజువాకలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో టైపింగ్ నేర్పేవాణ్ణి. ఈ ఉద్యోగానికి పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు దీనికి సంబంధించిన చదువే చదివారు. వాళ్లని కాదని నన్నెందుకు తీసుకున్నారో నాకు తెలుసు, తీసుకున్నవాళ్లకీ తెలుసు. ఆ చాట్ రూములు నాకు కొత్త కాదు. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇంట్లో మాత్రం హెల్త్ సర్వే అన్నాను. మా అమ్మ ఆదివారం చర్చిలో లేచి నిలబడి, మావాడికి దేవుడు మంచి పని చూపించాడని సాక్ష్యం కూడా చెప్పేసింది. ఆవిడ పక్కన తలొంచుకుని కూచున్నాను.

పని మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా. ఇలాంటివన్నీ చీకటి పడ్డాక జరుగుతాయని లోకం అనుకుంటుంది. చీకటి పడ్డాక వీళ్లందరూ బుద్ధిగా ఇళ్లకి పోతారు. భోజనాల వేళ క్యారియర్ సంచి కాళ్ల దగ్గర పెట్టుకుని, నెట్ సెంటర్లో చెక్క పార్టిషన్ల మధ్య కూచుని, మెడ తిప్పి వెనక్కి చూస్తూ టైపు చేస్తారు. సగం మంది నన్ను పోలీసనుకునేవాళ్లు. ఇంకొందరు ఈ రక్తం కథంతా పరిచయం పెంచుకోడానికి నేను వేసిన ఎత్తనుకునేవాళ్లు. మిగతావాళ్లు అమ్మని, అక్కని తిట్టి మాయమయ్యేవాళ్లు. వందమందిని బతిమాలితే ఇద్దరు మెట్లెక్కేవారు.

పేర్లు లేకపోతే ఎవరి రిపోర్టు ఎవరిదో ఎలా తెలుస్తుంది? దానికి మా ప్రాజెక్టు పెద్ద గురునాథరావుగారు ఒక కోడ్ కనిపెట్టారు. ఆయన రిటైరైన స్టాటిస్టిక్స్ లెక్చరర్, చొక్కా జేబులో ఇంకా సుద్దముక్క పెట్టుకుని తిరిగే మనిషి. నీ పేరులో మొదటి అక్షరం, మీ అమ్మ పేరులో మొదటి అక్షరం, పుట్టిన తేదీ, నెల, సంవత్సరం. అంతే. అడిగినప్పుడల్లా మనిషి తన నోటితో తనే చెప్తాడు, ఎక్కడా రాసుకోనక్కర్లేదు, మర్చిపోయే ప్రసక్తే లేదు. ఇద్దరికి ఒకే కోడ్ పడే అవకాశం ఎంత తక్కువో బోర్డు మీద లెక్క వేసి చూపించారు. చప్పట్లు కొట్టలేదు గాని కొట్టినంత పని చేశాం. ఆ లెక్కలో తప్పు లేదు. లెక్క వేసినాయన పుట్టినరోజులు కాగితం మీద రాసి పెట్టుకునే ఇంట్లో పుట్టాడు, తప్పు అక్కడుంది. నాకూ తట్టలేదు. మా ఇంట్లో బైబిలు మొదటి పేజీలో అందరి పుట్టినరోజులూ ఉంటాయి.

ఆగస్టులో 'కెరటం' అనే ఐడీ ఉన్నతను తగిలాడు. అతన్ని ఒప్పించడానికి నాకు పంతొమ్మిది రోజులు పట్టింది. రోజూ వచ్చేవాడు, రోజూ అదే ప్రశ్న వేసేవాడు.

"పేరు అడగరు కద?"

"అడగం."

"ఇంటికాడికి ఉత్తరం గట్రా రాదు కద?"

"మీ ఇల్లెక్కడో తెలిస్తే కదా పంపడానికి."

"మరి నాకేటైనా ఉందనుకో. అప్పుడైనా అడుగుతారేటి?"

"అప్పుడు కూడా అడగం."

ఇరవయ్యో రోజు మెట్లెక్కాడు. ఇరవై ఆరూ ఇరవై ఏడేళ్లు, నల్లగా, గట్టిగా, కొత్త చెప్పులు. ఫిషింగ్ హార్బర్లో ఐసు ఫ్యాక్టరీలో గుమస్తానని, పొరపాటున నోరు జారి చెప్పి నాలిక కరుచుకున్నాడు. అనూరాధ గదిలో గంటంబావు కూచున్నాడు. అనూరాధ మా కౌన్సెలర్. మాట తక్కువ, వినడం ఎక్కువ. రక్తం తీసేదీ, రిజల్టు చెప్పేదీ ఆవిడే. వెళ్లేటప్పుడు అతను నాకు దణ్ణం పెట్టి, "నాకొక ఫ్రెండున్నాడు సార్, సాటింగులో. ఆడికీ సెప్తాను" అన్నాడు. నాకు సంతోషమేసింది. ఒకణ్ణి పట్టుకుంటే ఇంకొకడు వస్తున్నాడని నెలవారీ రిపోర్టులో కూడా రాసుకున్నాను.

పదో రోజున వచ్చి రిజల్టు తీసుకున్నాడు. నెగటివ్. ఆ సాయంత్రమే నాకు చాట్‌లో ఆఖరి మెసేజ్ వచ్చింది.

"కాయితం తీసుకున్నాను సార్. మూడేళ్లుగా గుండె మీద రాయి పెట్టుకుని బతికినాను. మావయ్య కూతుర్ని సేసుకోమని మాయమ్మ రెండేళ్ల నించీ పోరతంది. ఇన్నాళ్లూ ఆ పిల్ల గొంతు కొయ్యలేక ఒద్దన్నాను. ఇప్పుడు సేసుకుంటాను. ఈ ఐడీ తీసేత్తన్నాను. మీరు సల్లగుండాల."

నేను ఆ మెసేజ్‌ని రెండుసార్లు చదువుకున్నాను. ఆ పెళ్లి సంగతి నాకు నచ్చలేదు, నచ్చకపోవడానికి నా కారణాలు నాకున్నాయి. కాని అతని గుండె మీద రాయి దిగిందంటే ఎవరికి బాగుండదు? శుభాకాంక్షలు అని కొట్టాను. అప్పటికే ఐడీ లేదు.

అది జరిగిన ఇరవై రోజులకి, ఒక శనివారం మధ్యాహ్నం, అనూరాధ నన్ను తన గదిలోకి పిలిచింది. తలుపు వేసింది. బల్ల మీద ల్యాబ్ వాళ్ల కాగితాలు రెండున్నాయి. రెండింటి మీదా ఒకటే కోడ్. పి, జి, ఒకటి, ఏడు, డెబ్బైతొమ్మిది. ఒకటి ఇదివరకే ఇచ్చేసిన కాగితానికి నకలు, నెగటివ్. రెండోది పాజిటివ్.

"బయట ఒకతను కూచున్నాడు. ఆగస్టులో రక్తమిచ్చి, సముద్రం మీద వేట పనుల్లో పడి రాలేదట, ఇప్పుడొచ్చాడు. కోడ్ చెప్పమంటే ఇదే చెప్పాడు" అంది. "ఈ కోడ్‌తో నెగటివ్ నేను ఇదివరకే ఒకతనికి ఇచ్చేశాను దేవకుమార్. అతను ఇతను కాదు."

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఒకే వారంలో ఒకే కోడ్‌తో రెండు ట్యూబులు వెళ్లాయి. ఒకడే రెండుసార్లు ఇచ్చాడనుకున్నారు ల్యాబ్ వాళ్లు. నెగటివ్ వచ్చినది వెంటనే పంపేశారు. పాజిటివ్ వచ్చినదాన్ని మళ్లీ పరీక్ష చేసి ఖాయపరచుకోవాలి కాబట్టి, అది ఆలస్యంగా వచ్చింది. మొదట వచ్చిన కెరటం చేతిలో, మొదట వచ్చిన కాగితం పెట్టాం.

"ఏది ఎవరిదో తేలాలి" అంది అనూరాధ. బయట కూచున్నతన్ని పిలిచి, ఒక చిన్న పొరపాటు జరిగిందని చెప్పి, అరగంటలో తేలిపోయే కిట్‌తో మళ్లీ పరీక్ష చేసింది. అది చాలదన్నట్టు ఇంకో కంపెనీ కిట్‌తో ఇంకోసారి చేసింది. రెండింట్లోనూ నెగటివ్.

అంటే పాజిటివ్ కెరటానిది. పెళ్లి చేసుకోబోతున్న కెరటానిది. అతనికి పేరు లేదు, ఫోన్ లేదు, ఐడీ లేదు. ఐసు ఫ్యాక్టరీలు హార్బర్ నిండా ఉన్నాయి, గేటు దగ్గర అడగడానికైనా పేరు కావాలి. నేను పంతొమ్మిది రోజులు కష్టపడి హామీ ఇచ్చినట్టే, అతన్ని పట్టుకోడానికి లోకంలో మాకు ఏ దారీ లేదు.

మొదటి కిట్‌లో నెగటివ్ వచ్చాక, రెండోది తేలేదాకా ఆ రెండో మనిషితో నేనే కూచున్నాను. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, అరిచేతుల నిండా తాడు కోసుకున్న గీతలు. వాళ్ల నాన్న పడవ మీద వేటకెళ్తాడు, ఇంటర్ దాకా చదివాడు. పొద్దున్నే ఒడ్డుకొచ్చి, సరుకు వాళ్లమ్మ గంపకెత్తాక, మధ్యాహ్నం పెదవాల్తేరు నెట్ సెంటర్‌కి పోతాడు. ఇవన్నీ అతనే చెప్పాడు. భయం వేస్తే కొందరు నోరు మూసుకుంటారు, కొందరు ఆపకుండా మాట్లాడతారు. ఇతను రెండో రకం.

"మీ పుట్టిన తేదీ నిజంగా జూలై ఒకటేనా?" అని అడిగాను.

నవ్వాడు. "నిజం ఎవులికి తెలుసు సార్. నాను పుట్టినప్పుడు తుపానొచ్చిందని మాయమ్మ సెప్తాది. జూలైలో తుపానేటి? మా జాలరిపేటలో బడి మేస్టారు ఆయేడు సేరినోళ్లందరికీ అదే తేదీ ఏసీసినాడు. పద్నాలుగు మందికి."

"మీ పేరు పి తో..." అన్నాను.

"పైడయ్య. తాత పేరు. మా ఇళ్లల్లో తాత పేరు మనవలందరికీ పెడతారు. మాకాడ ఇద్దరం పైడయ్యలం, నానూ మా అత్తకొడుకూ. ఆడు ఐసు ఫేట్రీలో..."

అక్కడ ఆగాడు. నా మొహంలో ఏం కనిపించిందో నాకు తెలియదు. నేను కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరికెళ్లి, మళ్లీ వచ్చి కూచున్నాను. నేను అడగబోయేది అడగకూడని ప్రశ్న. అడగనని సంతకం చేశాను, మాట తప్పితే ఉద్యోగం పోతుందని రాసున్న కాగితం మీద. అడక్కపోతే ఆ పిల్ల ఎవరో, ఆ పిల్ల ఒంట్లోకి ఏం వెళ్తుందో. అడిగాను.

"మీ అత్తకొడుక్కి పెళ్లి కుదిరిందా?"

కింద టైలరు మెషిన్ చప్పుడు వినిపిస్తోంది.

"ఆడు కెరటమా సార్?" అన్నాడు.

నేను అవుననలేదు, కాదనలేదు.

"నన్నీడకెల్లమని సెప్పింది కెరటమే. పెళ్లని సెప్పి ఐడీ తీసేసినాడు. ఏడాది పాటు ఆడితో మాటాడినాను. పోర్టులో ఆఫీసర్నని సెప్పినాడు. నాను స్టీలుప్లాంటులో ఇంజినీర్నని సెప్పినాను." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "ఇద్దరం ఒక పందిరి కింద పడుకుంటాం సార్. పొద్దున్న లెగిసి ఒక గిన్నెలో అంబలి తాగుతాం. ఏటైనా సెప్పుకోవాలంటే ఇంటికాడ ఆడికి సెప్పలేక, నెట్టు సెంటర్‌కెళ్లి కెరటానికి సెప్పుకునేవోణ్ణి."

"పెళ్లెప్పుడు?"

"గురువారం."

"పిల్ల ఎవరు?"

"మా సెల్లి" అన్నాడు పైడయ్య. "కనకరత్నం."

మావయ్య కూతురు అని కెరటం రాసినప్పుడు, అది ఎవరో ఒక అమ్మాయి నాకు. ఇప్పుడు వాళ్లన్న నా ఎదురుగా కూచుని, ముంజేతి మీద దూది నొక్కుకుంటున్నాడు.

సోమవారం గురునాథరావుగారికి విషయం చెప్పాం. ఆయన మొహం నల్లబడింది. బోర్డు దగ్గరికి వెళ్లి, తను వేసిన లెక్క ఇంకా అక్కడే ఉన్నట్టు చూశారు. ఇది హైదరాబాదు ఆఫీసుకి రాయాలి, ఎథిక్స్ కమిటీ నెలాఖరున కూచుంటుంది, అప్పటిదాకా ఎవరూ ఎవరి దగ్గరికీ వెళ్లకూడదు అన్నారు. పెళ్లి గురువారం అన్నాను. "నాకు తెలుసయ్యా. కాని పేరు అడగమని చెప్పి రక్తం తీసుకున్నాం. ఇప్పుడు ఇంటికెళ్లి తలుపు కొడితే, రేపట్నించి ఒక్కడైనా మన మెట్లెక్కుతాడా?" అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు. ఆయన చెప్పింది తప్పూ కాదు. నాకు మాత్రం ఆయన జేబులో సుద్దముక్క తీసి నేలకేసి కొట్టాలనిపించింది.

ఆ మధ్యాహ్నం నెట్ సెంటర్‌కి వెళ్లకుండా హార్బర్‌కి వెళ్లాను. పైడయ్య చెప్పిన ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర కెరటం లారీ నంబర్లు రాసుకుంటున్నాడు. మణికట్టుకి అప్పటికే పసుపు తాడు కట్టారు. నన్ను చూడగానే రంగు మారిపోయింది. పక్కకి తీసుకెళ్లాను. ఐసు బ్లాకులు జారే చప్పుడులో, వీలైనంత నెమ్మదిగా చెప్పాను. కాగితాలు తారుమారయ్యాయి, ఒక్కసారి వచ్చి మళ్లీ రక్తమివ్వు, పెళ్లి ఒక నెల వాయిదా వేసుకో, మందులున్నాయి, చావు కాదు ఇది.

అతను విన్నాడు. జేబులోంచి మడతలు నలిగిపోయిన కాగితం తీసి చూపించాడు.

"ఇది మీరిచ్చిందే కద?"

"మేమే. తప్పు మాది."

"నెగిటివ్ అని రాసుంది కద?"

"అది నీది కాదు."

"మరి నాదని ఎందుకిచ్చినారు?" గొంతు పెద్దది కాలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది. "పేరు అడగనన్నారు. ఇల్లు అడగనన్నారు. నానీడ పనిసేత్తన్నానని ఎవులు సెప్పినారు మీకు?"

నేనేం చెప్పను? పైడయ్య పేరు చెప్తే ఇంకొకణ్ణి బయటపెట్టినట్టు.

"నాను మిమ్మల్ని ఎప్పుడూ సూళ్లేదు" అన్నాడు కెరటం. "మరి రాకండి సార్. మూడేళ్ల తరవాత నిద్రపడతంది నాకు." కాగితం మడిచి జేబులో పెట్టుకుని లారీ దగ్గరికి వెళ్లిపోయాడు. అతనికి నిజం తెలియదని కాదు. నేను నోరు తెరవగానే అతనికి తెలిసిపోయింది, అతని కళ్లు చూసినవాణ్ణి నేను చెప్తున్నాను. తెలిసిన దాన్ని గురువారం దాకా జేబులో దాచుకుంటే, ఆ తరవాత అదే పోతుందనుకున్నాడు.

సాయంత్రం ఆఫీసు మెట్ల మీద పైడయ్య కూచుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. వాళ్ల నాన్నకి చెప్పెయ్యమన్నాను.

"ఏటని సెప్పాలి? నీకెలా తెలుసంటాడు. నువ్వా ఆఫీసుకి ఎందుకెల్లినావంటాడు. సెప్పినా మా అత్త ఊరుకుంటాదేటి? అబద్ధం, పిల్లనివ్వడం ఇట్టంనేక పుట్టించినారంటాది. బావ కాయితం తీసి సూపెడతాడు. అందులో మంచిదని ఉంది కద." కాసేపు చేతులు చూసుకున్నాడు. "ఆ రెండో కాయితం మీకాడుందా సార్?"

"ఉంది."

"దాని మీదున్న కోడు నాది కూడా కద?"

నాకు వెంటనే తట్టలేదు. తట్టాక, వద్దన్నాను. పిచ్చా నీకు అన్నాను. నెగటివ్ వచ్చినవాడివి, నీకేం లేదు, సుబ్బరంగా ఉన్నావు అన్నాను. అతను నా మాటలన్నీ అయిపోయేదాకా ఆగాడు.

"మా ఇంట్లో ఆ జబ్బుందని తెలిత్తే మా అత్త ఆ పిల్లని సేసుకోదు. ఇంకేటి సెప్పినా సేసుకుంటాది" అన్నాడు. "మీరొచ్చి, కాయితం నిజమేనని ఒక్క మాట సెప్తే సాలు."

అనూరాధ ఇంటికి వెళ్లిపోయింది. ఫైలు ఎక్కడుంటుందో నాకు తెలుసు. ఆ కాగితం నేనే తీసిచ్చాను. ఇది నేను చేసిన పని. ఇందులో ల్యాబ్ వాళ్లు లేరు, గురునాథరావుగారి లెక్క లేదు.

మంగళవారం పొద్దున్న జాలరిపేట వెళ్లాను. ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి వేసేశారు. రోట్లో పసుపు దంచుతున్నారు. ఒడ్డున వలలు బాగుచేసుకునే పాకలో కులపెద్ద తాతబాబు, ఇంకో పదిమంది మగవాళ్లు, గోడవార ఆడవాళ్లు. కెరటం వాళ్లమ్మ గౌరమ్మ పక్కన కెరటం నిలబడ్డాడు. నన్ను చూశాడు. నా పక్కన ఉన్న పైడయ్యని చూశాడు. ఒకసారి నన్ను, ఒకసారి పైడయ్యని, అలా మూడు నాలుగుసార్లు చూశాడు. తను ఏడాదిగా మాట్లాడుతున్న స్టీలుప్లాంటు ఇంజినీరు ఎవరో అతనికి అప్పుడు తెలిసిందనుకుంటాను.

పైడయ్య కాగితం తీసి తాతబాబు చేతిలో పెట్టాడు. "నాకు ఆ పాడు జబ్బుంది పెదనాన్నా. పెళ్లికి ముందు సెప్పకపోతే పాపమని సెప్తన్నాను."

వాళ్లమ్మ గంగాలమ్మ పసుపు చేతులతో అలాగే పరుగెత్తుకొచ్చింది. నాన్న కూచున్నచోటు నుంచి కదల్లేదు. తాతబాబు కళ్లజోడు పెట్టుకుని, కాగితాన్ని దూరంగా పట్టుకుని చదివాడు. "పి, జి. జూలై ఒకటి, డెబ్బైతొమ్మిది."

"గౌరమ్మ కొడుకుదీ అదే తేదీ కాదేటి?" అన్నారు ఎవరో వెనకనుంచి.

గౌరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. కెరటం పెదవులు కదిలాయి. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడైనా చెప్తాడు అని నేను ఎదురుచూశాను.

"ఆయేడు బళ్లో సేరినోళ్లు పద్నాలుగు మందికీ అదే తేదీ" అన్నాడు పైడయ్య. "నా జేబులో ఉన్న కాయితం నాది కాక ఇంకెవులిదవుద్ది?"

తాతబాబు నా వైపు తిరిగాడు. "బాబూ, ఈ కాయితం మీ ఆఫీసుదేనా?"

"మా ఆఫీసుదే."

"ఇందులో ఉన్నది నిజమేనా?"

"నిజమే" అన్నాను. కెరటం ఇసకలోకి చూస్తున్నాడు.

తరవాత ఎంతోసేపు పట్టలేదు. గౌరమ్మ సొంత అన్న ఇంటి ముందు నిలబడి, ఒక్క కంచంలో తిన్న పిల్ల, ఒక్క చాపమీద పడుకున్న పిల్ల, నా కొడుక్కి ఒద్దు, అంది. అన్న ఇంట్లో మంచినీళ్లు కూడా ఇక ముట్టనంది. కొడుకుని రెక్క పట్టుకుని లాక్కెళ్లిపోయింది. అతను వెళ్లాడు. వెనక్కి తిరిగి చూడలేదు. నాకు అతని మీద కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది, ఇప్పటికీ ఉంది. అతని చోట నేనుంటే నోరు విప్పేవాణ్ణా అని మాత్రం అడక్కండి, నేనూ ఇంట్లో హెల్త్ సర్వే అని చెప్పినవాణ్ణే.

కనకరత్నం ఇంట్లోంచి వచ్చింది. పందొమ్మిదేళ్లు ఉంటాయేమో, చేతుల నిండా గాజులు. అన్న దగ్గరికొచ్చి, "నీకేటి అన్నేయం సేసినాన్రా అన్నియ్యా" అంది. ఏం తప్పిపోయిందో తెలియని ఆ పిల్ల, పోయినదాని కోసం పందిరి గుంజ పట్టుకుని ఏడ్చింది.

ఆ నెలాఖరుకి నా ఉద్యోగం పోయింది. పోవాల్సిందే. గురునాథరావుగారు కోడ్‌కి ఇంకో రెండు అంకెలు కలిపారని విన్నాను. కెరటం నవంబరులో తనంతట తనే అనూరాధ దగ్గరికి వెళ్లాడు. పరీక్షలో మళ్లీ పాజిటివే వచ్చింది. ఆవిడే పెద్దాసుపత్రిలో పేరు రాయించి మందులు మొదలుపెట్టించింది. మందులకి అతను ఒక్కడే వెళ్లేవాడట, ఇంట్లో ఐసు ఫ్యాక్టరీ పనని చెప్పి.

పైడయ్యని మాత్రం ఎవరూ పడవ ఎక్కనివ్వలేదు. గంగాలమ్మ గంపలో చేపలు సాయంత్రం దాకా అలాగే ఉండిపోయేవి, అడిగిన ధరకి కాదు, ఊరికే ఇస్తానన్నా తీసుకునేవాళ్లు కాదు. ఇంట్లో అతనికి విడిగా కంచం, విడిగా చాప. డిసెంబరులో పరవాడ వెళ్లిపోయాడని తెలిసింది, కరెంటు ప్లాంటులో బొగ్గు దింపే కాంట్రాక్టు పనికి. సముద్రం మీద పుట్టినవాడు. వెతుక్కుంటూ వెళ్లాను. కళ్లు తప్ప ఒళ్లంతా నల్లగా, గేటు బయట టీ బడ్డీ దగ్గర కనిపించాడు. సన్నబడ్డాడు. అక్కడివాళ్లకి అతని సంగతి తెలియదు, అందరితోపాటు గ్లాసు పుచ్చుకుని టీ తాగుతున్నాడు.

అనూరాధ ఇచ్చిన కాగితం తీసి అతనికిచ్చాను. ఆ శనివారం రెండు కిట్లతో చేసిన పరీక్షది, నెగటివ్ అని, స్టాంపు వేసి, సంతకం చేసి. "మీ చెల్లికి ఇంకో సంబంధం వచ్చిందని విన్నాను. ఇప్పుడిది చూపించు. ల్యాబ్ వాళ్ల తప్పు అని నేను వచ్చి చెప్తాను. ఇంటికెళ్లిపో" అన్నాను.

పైడయ్య కాగితం మసి కాకుండా అంచులు పట్టుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఇది సూపెడితే, మరి ఆ కాయితం ఎవులిదని అడుగుతారు సార్."

"దీని మీద నీ పేరు రాయిస్తాను. కోడ్ కాదు, పేరు. ఎవరికీ అనుమానం ఉండదు."

"ఏ పేరు?" అన్నాడు. నవ్వాడు ఈసారి, నిజంగానే. "ఆడూ పైడయ్యే కద."

మీ పేరు అడగం, మీ పేరు అడగం అని ఏడాదిపాటు వేళ్లు అరిగేలా కొట్టాను. అడిగి ఉన్నా ఒకటే అయ్యేది.

కాగితం మడిచి నాకు తిరిగిచ్చేశాడు. "మీకాడే ఉంచండి" అన్నాడు. లోపల సైరన్ మోగింది. గ్లాసు కడిగి బడ్డీ మీద పెట్టి, గేటు వైపు నడిచాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, మా అమ్మ బైబిల్లో, పుట్టినరోజులు రాసిన పేజీ దగ్గర.